రక్తంలో కనబడదు సరే, స్రావంలో మాటేమిటి?

తెల్లబట్ట అవుతోందంటే కర్మన్‌ఘాట్, చంపాపేట, సరూర్‌నగర్ వైపు ఇళ్లలో మొదట వినిపించే మాట ‘ఒంట్లో వేడి చేసింది’ అనే. సబ్జా నీళ్లు, బార్లీ జావ, పల్చటి మజ్జిగ మొదలవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ‘ఎముకలు కరిగిపోతున్నాయి, బలానికి తిను’ అంటారు. పది రోజులకీ తగ్గకపోతే మందుల షాపులో ఐరన్, కాల్షియం మాత్రలు ఇస్తారు. దురద కూడా ఉందంటే ఓ యాంటీబయోటిక్ చేరుతుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతి సంగతి. చాలామంది ఆడవాళ్లకు దీనివల్ల కొంత ఆలస్యం, కొంత డబ్బు దండగ. హెచ్ఐవీకి మందులు వాడుతున్న స్త్రీకి మాత్రం ఇదే తెల్లబట్ట వెనక, శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి వాదించుకున్న ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మందుల వల్ల రక్తంలో వైరస్ కనబడకుండా పోయాక జననాంగ స్రావాల్లో అది మిగిలి ఉంటుందా? అక్కడ ఇన్‌ఫెక్షన్ వస్తే పైకి తేలుతుందా? తేలితే, భర్తకు సోకేంత ఉంటుందా?

మొదటి రెండింటికీ ‘ఔను, అప్పుడప్పుడు’ అన్నదే ఇవాళ్టి జవాబు. మూడోదానికి ‘లేదు’. ఈ రెండు జవాబులూ ఒకదానికొకటి ఎలా పొసుగుతాయో అర్థం కావడానికి వైద్యశాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది.

తెలుగువాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021లో వేసిన అంచనా ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో హెచ్ఐవీ 0.21 శాతం. తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే వరుసలో ముందున్నది మనమే. దేశం మొత్తం మీద వైరస్‌తో బతుకుతున్న సుమారు 24 లక్షల మందిలో 45 శాతం స్త్రీలు. వీళ్లలో ఎక్కువమందికి అది ఎలా వచ్చిందో పుణె పరిశోధకులు 1997లోనే చెప్పారు. అక్కడి సుఖవ్యాధుల క్లినిక్‌లకు వచ్చిన ఆడవాళ్లలో సెక్స్‌వర్కర్లు కానివారిని వేరుగా చూస్తే 13.6 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. వాళ్లలో చాలామంది భర్త తప్ప మరో మగవాడి పొత్తు ఎరగనివాళ్లు. ఆ భర్తలు తెచ్చిన సుఖవ్యాధి కోసమే వాళ్లు క్లినిక్ మెట్లెక్కారు. జననాంగ ఇన్‌ఫెక్షన్, హెచ్ఐవీ జంటగా గడప దాటి వచ్చాయన్నమాట.

ఆ జంట ఎలా పనిచేస్తుందో ఇప్పుడు బాగానే తెలుసు. గర్భాశయ ముఖద్వారంలో గనేరియా, క్లమీడియా లాంటివి చేరితే శరీరం అక్కడికి రక్షణ కణాలను తరలిస్తుంది. ఆ కణాల్లో సీడీ4 రకానివి హెచ్ఐవీకి నివాసాలు. వాపు సమయంలో వెలువడే రసాయన సంకేతాలు ఆ కణాల్లో నిద్రపోతున్న వైరస్‌ను తట్టి లేపుతాయి, అది తన నకళ్లను తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. హెర్పిస్ పుండైతే పై పొర చిట్లి దారి మరింత తెరుచుకుంటుంది. యోని మార్గంలో మామూలుగా కాపలా ఉండే లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా తగ్గి వేరే సూక్ష్మజీవులు పెరిగిపోయే స్థితిని బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు. నీచు వాసనతో పల్చటి తెల్లబట్ట దీని గుర్తు. ఇది అంటువ్యాధి అనలేం గానీ, ఆఫ్రికాలోని జంటలపై 2012లో వెలువడిన అధ్యయనంలో ఇది ఉన్న హెచ్ఐవీ స్త్రీల నుంచి మగవాళ్లకు వైరస్ సోకే ప్రమాదం దాదాపు మూడు రెట్లుగా తేలింది. ఆ స్త్రీలు అప్పటికి హెచ్ఐవీ మందుల మీద లేరని గుర్తుంచుకోవాలి. వ్యవహారం అంతా తిరిగేది ఈ ముక్క చుట్టూనే.

దక్షిణాఫ్రికాకు చెందిన లీ జాన్సన్, డేవిడ్ లూయిస్ 2008లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ముఖద్వారం వాపు ఉన్నవాళ్ల స్రావాల్లో వైరస్ కనబడే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే రెండు రెట్లకు పైనే. గనేరియా, క్లమీడియా, చివరికి మామూలు ఈస్ట్ ఇన్‌ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతోంది. అంతకుముందే కెన్యాలోని మొంబాసాలో ముఖద్వారం వాపుకు వైద్యం చేస్తే స్రావంలో వైరస్ తగ్గుతుందని చూపారు. మలావీలో మగవాళ్ల మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ విషయంలోనూ ఇదే తేలింది. అది ఉన్నవాళ్ల వీర్యంలో వైరస్ లేనివాళ్ల కంటే సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ, యాంటీబయోటిక్ ఇచ్చాక తగ్గింది.

ఇదంతా చూసి, సుఖవ్యాధులను నయం చేస్తే హెచ్ఐవీనే ఆపేయొచ్చన్న ఆశ పుట్టింది. టాంజానియాలోని మ్వాంజాలో 1995లో వచ్చిన ఫలితం ఆ ఆశకు ఊపిరి పోసింది. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో సుఖవ్యాధుల చికిత్సను మెరుగుపరిస్తే కొత్త హెచ్ఐవీ కేసులు సుమారు 40 శాతం తగ్గాయి. మన దగ్గర ప్రభుత్వాస్పత్రుల్లో కనిపించే ‘సురక్ష’ క్లినిక్‌లు, రంగురంగుల మందుల కిట్‌లు ఆ ఆలోచన సంతానమే. కానీ ఆ తర్వాత ఉగాండాలోని రకాయ్‌లో ఊళ్లకు ఊళ్లు యాంటీబయోటిక్స్ పంచినా హెచ్ఐవీ తగ్గలేదు. హెర్పిస్‌ది మరీ విచిత్రమైన కథ. 2010లో వెలువడిన ఒక పెద్ద ప్రయోగంలో 3,408 జంటల్లో హెచ్ఐవీ, హెర్పిస్ రెండూ ఉన్న భాగస్వాములకు ఎసైక్లోవిర్ రోజూ రెండు పూటలా ఇచ్చారు. పుండ్లు తగ్గాయి, రక్తంలో హెచ్ఐవీ కూడా కొంత తగ్గింది. జీవిత భాగస్వామికి సోకడం మాత్రం తగ్గలేదు. మందు తీసుకున్నవాళ్ల నుంచి 41 మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ల నుంచి 43 మందికి సోకింది.

హెర్పిస్ సంగతి మనకూ పట్టాలి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పరిశోధకులు 2004-05లో గుంటూరు జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి పన్నెండు వేల మందికి పైగా రక్తనమూనాలు తీసుకున్నారు. దేశంలో హెచ్ఐవీ లెక్కలు పెంచి చెబుతున్నారని బయటపెట్టి, 2007లో జాతీయ అంచనా సగానికి దిగడానికి దోహదం చేసిన అధ్యయనం అది. అవే నమూనాలను తర్వాత హెర్పిస్-2 కోసం చూస్తే దాదాపు ఐదు శాతం మందిలో దాని ఆనవాళ్లు కనిపించాయి, సిఫిలిస్‌వి రెండు శాతం మందిలో. హెర్పిస్ ఉన్నవాళ్లలోనే హెచ్ఐవీ ఎక్కువ.

ఇక మందుల కాలానికి వద్దాం. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఆరు రాష్ట్రాల్లో హెచ్ఐవీ మందుల ఉచిత చికిత్స (ఏఆర్‌టీ) మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తొలినాళ్లలో సీడీ4 సంఖ్య బాగా పడిపోయాకే మందులిచ్చేవారు. 2017 నుంచి పరీక్షలో పాజిటివ్ అని తేలితే చాలు, మొదలుపెడుతున్నారు. 2018లో వైరల్ లోడ్ పరీక్ష అందరికీ ఉచితమైంది. మందులు మొదలైన ఆరో నెలలో ఒకసారి, పన్నెండో నెలలో ఒకసారి, ఆపైన ఏడాదికోసారి. కర్మన్‌ఘాట్ నుంచి ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వచ్చి మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే ఉస్మానియా ఆస్పత్రి దగ్గరే. నెలకో మూడు నెలలకో మందుల డబ్బా తెచ్చుకుని, ఇంటికి చేరకముందే దాని మీది కాగితం పీకేసే ఆడవాళ్లు ఎందరో.

వైరస్ పరిమాణానికీ సోకడానికీ లంకె ఎంత గట్టిదో 2000లో రకాయ్ చెప్పింది. మందులు లేని ఆ రోజుల్లో కూడా, రక్తంలో మిల్లీలీటరుకు 1,500 కాపీల కంటే తక్కువ ఉన్నవాళ్ల నుంచి ఒక్కరికీ సోకలేదు. మరి మందులతో పూర్తిగా అణిగితే? 2008 జనవరిలో పియెట్రో వెర్నాజ్జా, మరో ముగ్గురు స్విట్జర్లాండ్ వైద్యులు ఆ మాట బహిరంగంగా అనేశారు. మందులు సరిగా వాడుతూ, ఆరు నెలలుగా రక్తంలో వైరస్ కనబడకుండా ఉన్న మనిషి కాపురంలో దాన్ని అంటించడని. దానికో షరతు తగిలించారు: వేరే సుఖవ్యాధులేవీ ఉండకూడదు. ప్రపంచం అదిరిపడింది. ఆ షరతు చుట్టూ మరో పదేళ్ల వాదన సాగింది.

షరతు ఊహల మీద పుట్టింది కాదు. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ కు-ఉవిన్, రక్తంలో వైరస్ కనబడని స్త్రీలను ఏడాది పాటు పదేపదే పరీక్షించారు. సుమారు సగం మందిలో ఏదో ఒకసారి జననాంగ స్రావంలో వైరస్ ఆనవాలు దొరికింది. ఒక నెల ఉంటుంది, మరో నెల ఉండదు. ఇన్‌ఫెక్షన్లు ఉన్నప్పుడు, నెలసరి చుట్టుపక్కల రోజుల్లో ఇలాంటి తళుకులు ఎక్కువని వేరే అధ్యయనాలు సూచించాయి. పైగా మందులు శరీరంలో అన్నిచోట్లా సమంగా చేరవు. లామివుడిన్ యోని స్రావంలో రక్తంలో కంటే కొన్ని రెట్లు ఎక్కువగా పోగవుతుంది. టెనొఫోవిర్ కూడా బాగానే చేరుతుంది. ఎఫావిరెంజ్ మాత్రం ఒక శాతం కూడా చేరదు. మన ఏఆర్‌టీ సెంటర్లలో చాలాకాలం ఇచ్చిన ఒంటి మాత్రలో ఈ మూడూ ఉండేవి. ఇప్పుడు ఎఫావిరెంజ్ స్థానంలో డోలుటెగ్రావిర్ వచ్చింది. స్రావంలో అదీ తక్కువగానే కనిపిస్తుంది.

ఇంత విన్నాక ఏ ఇల్లాలికైనా గుండె జారుతుంది. కానీ కాపురాల మీద జరిగిన అధ్యయనాలు వేరే మాట చెప్పాయి.

హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధనలో తొమ్మిది దేశాల నుంచి 1,763 జంటలు చేరాయి. చెన్నై, పుణె కేంద్రాలు కూడా అందులో ఉన్నాయి. ఒకరికి హెచ్ఐవీ, ఒకరికి లేదు. 2011లో తొలి ఫలితం వచ్చింది: వెంటనే మందులిస్తే అంటించడం 96 శాతం తగ్గింది. 2016లో చివరి లెక్క తేలేసరికి, మందులు వాడుతున్నవాళ్ల నుంచి సోకిన కేసులు ఎనిమిదే మిగిలాయి. నాలుగు మందులు మొదలుపెట్టిన కొత్తలో, వైరస్ ఇంకా అణగకముందు జరిగినవి. మిగతా నాలుగు మందులు పనిచేయడం మానేశాక జరిగినవి. స్థిరంగా అణిగి ఉన్న మనిషి నుంచి ఒక్కటీ లేదు. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనంలో 888 జంటలు కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిశాయి. వాటిలో స్త్రీపురుష జంటలు 548, అందులో దాదాపు సగం జంటల్లో హెచ్ఐవీ ఉన్నది భార్యకు. భాగస్వామి నుంచి సోకిన కేసులు సున్నా. తర్వాత పురుష జంటలతో జరిగిన రెండో దశలో సుమారు నాలుగో వంతు మగవాళ్లకు అధ్యయన కాలంలో వేరే సుఖవ్యాధులు వచ్చాయి. అయినా సున్నాయే.

స్విస్ వైద్యులు పెట్టిన ఆ సుఖవ్యాధుల షరతు అక్కడితో నీరుగారిపోయింది. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూటిగా చెప్పేసింది: వైరస్ కనబడని స్థితిలో ఉంటే లైంగికంగా సోకే ప్రమాదం సున్నా. మిల్లీలీటరుకు వెయ్యి కాపీల లోపు ఉంటే దాదాపు సున్నా.

మరి స్రావంలో దొరికిన ఆ ఆనవాళ్ల సంగతేమిటి? పరీక్ష పట్టుకునేది వైరస్ జన్యు పదార్థాన్ని. అది ఉన్నంత మాత్రాన బతికి సోకగల వైరస్ ఉన్నట్టు కాదు. దొరికిన సందర్భాల్లో కూడా పరిమాణం చాలా స్వల్పం. దానికి తోడు, ఆ స్రావంలోనే టెనొఫోవిర్, లామివుడిన్ ఉంటాయి. పైన చెప్పిన పాత అధ్యయనాల్లో ఎక్కువ శాతం మందులు లేని స్త్రీల మీద చేసినవి. ఆ కొలతలను మందులున్న స్త్రీకి అంటగట్టడం వల్లే ఏళ్ల తరబడి అనవసరపు భయం కొనసాగింది. న్యాయంగా ఒక మినహాయింపు చెప్పుకోవాలి. పార్ట్‌నర్ అధ్యయనంలోని స్త్రీపురుష జంటల్లో సుఖవ్యాధులు వచ్చినవాళ్లు కొద్దిమందే. కాబట్టి ముఖద్వారం వాపు ఉన్న స్త్రీల విషయంలో నేరుగా దొరికిన సాక్ష్యం, మగవాళ్ల విషయంలో దొరికినంత బలమైనది కాదు. అయితే ఉన్న సాక్ష్యమంతా ఒకే దిక్కు చూపిస్తోంది.

ఈ మొత్తం పరిశోధనా సాహిత్యం తిరగేస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడమనిషి జననాంగాన్ని ఇందులో దాదాపు ఎప్పుడూ వైరస్ బయటికొచ్చే చోటుగానే చూశారు. భర్తకు ఎంత పోతుంది, కాన్పులో బిడ్డకు ఎంత పోతుంది అన్నవే ప్రశ్నలు. ఆమెకు దురదగా ఉందా, పొత్తికడుపులో నొప్పిగా ఉందా, వాసనకు సిగ్గుపడి నలుగురిలోకి వెళ్లడం మానేసిందా అన్నవి అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడు భర్తకు సోకదని తేలిపోయింది. బిడ్డ సంగతి కూడా 2014 నుంచి గర్భిణులందరికీ జీవితాంతం మందులివ్వడంతో చాలావరకు తీరింది. దాంతో తెల్లబట్ట మీద ఆసక్తి కూడా చల్లారే ప్రమాదం ఉంది. ‘మీ వైరల్ లోడ్ బాగుందమ్మా’ అని పంపించేస్తే పనైపోయినట్టు కాదు.

పనిలో ఉన్న లోపాలు సూటిగానే కనిపిస్తాయి. సురక్ష క్లినిక్‌లో చికిత్స లక్షణాలను బట్టి సాగుతుంది. యోని నుంచి తెల్లబట్ట అయితే ఆకుపచ్చ కిట్: సెక్నిడజోల్ రెండు గ్రాములు, ఫ్లుకొనజోల్ ఒక మాత్ర. ముఖద్వారం నుంచి అయితే బూడిదరంగు కిట్: ఎజిత్రోమైసిన్, సెఫిక్సిమ్. పుండ్లకు తెలుపు, నీలం, హెర్పిస్‌కు ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు. ల్యాబ్ లేనిచోట ఇది గొప్ప వెసులుబాటు. ఎక్కడి నుంచి కారుతోందో తెలియాలంటే మాత్రం స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి చూడాలి. దానికి ఒక గది, తెర, ఆడ డాక్టరు, పది నిమిషాల తీరిక కావాలి. కిటకిటలాడే ఓపీలో వీటిలో ఏదో ఒకటి ఉండదు. ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు కాబట్టి, వాటిని కిట్‌లు అసలు పట్టుకోలేవు. భర్తను కూడా పిలిచి మందివ్వకపోతే నయమైన జబ్బు నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఎందరు భర్తలు వస్తారన్నది ఏ కౌన్సిలర్‌నడిగినా చెబుతారు.

తెల్లబట్టకు మరో కారణమైన ట్రైకోమొనాస్ అనే పరాన్నజీవి విషయంలో మోతాదే ఒక చర్చ. న్యూ ఆర్లీన్స్‌లో ప్యాట్రీషియా కిసింజర్ బృందం హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు మెట్రొనిడజోల్‌ను ఒక్క మోతాదుగా, ఏడు రోజుల కోర్సుగా ఇచ్చి పోల్చింది. ఏడు రోజులదే మేలని తేలింది. అమెరికాలో ఇప్పుడదే పద్ధతి. మన కిట్‌లోని సెక్నిడజోల్ ఒంట్లో మెట్రొనిడజోల్ కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి రెండిటినీ ఒకే గాట కట్టలేం. అయినా ఒక్క మోతాదుతో తగ్గని హెచ్ఐవీ స్త్రీకి ‘మళ్లీ అదే వాడు’ అనకుండా కోర్సు మార్చి చూడటం సబబు.

మొదట్లో చెప్పిన బలం మాత్రల్లో మరో చిక్కుంది. ఐరన్, కాల్షియం కడుపులో డోలుటెగ్రావిర్‌ను పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. పరగడుపున రెండూ కలిపి వేసుకుంటే హెచ్ఐవీ మందు మోతాదు పడిపోతుంది. డోలుటెగ్రావిర్ వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో బలం మాత్ర వేసుకోవాలి. లేదా రెండిటినీ అన్నంతో పాటు తీసుకోవచ్చు. గ్యాస్‌కు వాడే యాంటాసిడ్‌లతోనూ ఇదే తంటా. తెల్లబట్టకు ‘నీరసం’ అని పేరు పెట్టి ఇచ్చే మాత్రలే వైరస్‌ను అణచే మందును బలహీనం చేయగలవన్నమాట. ఈ సంగతి చెప్పాలంటే ఆమె ఏం వాడుతోందో అవతలివాళ్లకు తెలియాలి. తెలిస్తే ఎలా చూస్తారోనన్న భయంతో దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్ హోముల్లో ఆమె నోరు విప్పదు. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ చట్టం ప్రైవేటు ఆస్పత్రి కూడా హెచ్ఐవీ కారణంగా వైద్యం నిరాకరించకూడదంటుంది, ఆమె అనుమతి లేకుండా విషయం బయటపెట్టకూడదంటుంది. చట్టం వచ్చిందని తెలిసిన రోగులు తక్కువ, గుర్తుంచుకున్న రిసెప్షన్ కౌంటర్లు ఇంకా తక్కువ.

అన్నిటికంటే బరువైన విషయం ముఖద్వార క్యాన్సర్. 2021లో వచ్చిన ప్రపంచ విశ్లేషణ ప్రకారం హెచ్ఐవీ ఉన్న స్త్రీలకు ఆ ప్రమాదం ఆరు రెట్లు. కారణమైన హెచ్‌పీవీ వైరస్ వాళ్ల ఒంట్లో తేలిగ్గా తిష్ఠ వేస్తుంది. ఏఆర్‌టీ మొదలైనంత మాత్రాన ఆ ముప్పు పూర్తిగా పోదు. ఆంధ్రప్రదేశ్ స్త్రీల క్యాన్సర్ నమూనాలను 2005లో పరిశీలించినప్పుడు ఎక్కువగా దొరికినవి హెచ్‌పీవీ 16, 18 రకాలే. మిగతా స్త్రీలకు 30 ఏళ్లకు మొదలుపెట్టే స్క్రీనింగ్‌ను హెచ్ఐవీ ఉన్నవారికి 25 ఏళ్లకే మొదలుపెట్టి, మూడు నుంచి ఐదేళ్లకోసారి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. తొలిదశ మచ్చ కనబడితే చల్లబరిచో వేడితో మాడ్చో తీసేస్తారు. పుండు మానేదాకా, అంటే సుమారు నెల రోజులు, కాపురానికి దూరంగా ఉండమంటారు. స్రావంలో వైరస్ తాత్కాలికంగా పెరిగే అవకాశం ఉన్న కొద్ది సందర్భాల్లో ఇదొకటి, ముఖ్యంగా మందులు సరిగా వాడనివారిలో. భర్తకు ఆ నెల కారణం చెప్పడం ఎలాగన్నదే చాలామందికి అసలు సమస్య.

పరీక్షల కొరత మాత్రం మునుపటంత సాకు కాదు. క్షయ కోసం ప్రభుత్వాస్పత్రుల్లో పెట్టిన సీబీనాట్ యంత్రంలో కార్ట్రిడ్జ్ మారిస్తే గనేరియా, క్లమీడియా, హెచ్‌పీవీ, చివరికి హెచ్ఐవీ వైరల్ లోడ్ కూడా చూడొచ్చు. వీలున్నచోట తెల్లబట్టకు లక్షణాల అంచనాతో సరిపెట్టకుండా ఇలాంటి పరీక్ష చేయమని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. స్పెక్యులమ్, తెర, ఆడ డాక్టరు లేకపోయినా నమూనాను దూదిపుల్లతో స్త్రీ తనంతట తానే తీసివ్వగలదు. మూడు నెలల మందుల కోసం వచ్చిన రోజునే, రక్తనమూనా ఇచ్చే వరుసలో నిలబడినప్పుడే అది అయిపోతుంది. కావలసినవి ఏటా కొనిపెట్టే కార్ట్రిడ్జ్‌లు, ఫలితం వచ్చాక ఆమెకు ఫోన్ చేసి చెప్పే ఒక నర్సు.